పాట, బాట, మాట: అనంతపురం డీఈఓ గారికి ఒక ప్రాథమిక పాఠశాల టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనంతపురం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. తాడిపత్రి అవతల, బండల గనులకు దగ్గర్లో ఉన్న ఒక పల్లెలో నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్ని. ఇరవై ఏళ్ల సర్వీసు దాటింది. జూన్‌లో బడులు తెరిచాక, చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే మొదటి కాంప్లెక్స్ మీటింగ్‌లో మాకు ఏమేం చెప్పాలో మీ ఆఫీసులో ఈ ఎండల్లోనే రాసుకుంటుంటారు. ఆ కాగితంలో ఒక గంట చోటు అడుగుదామని ఈ ఉత్తరం. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు శబ్దం గురించి, చెవి గురించి ఎలా చెప్పాలన్నదానికి ఆ గంట కావాలి. ఆఫీసుకు మాత్రమే పంపి ఊరుకోవచ్చు. కానీ ఇందులో నా తప్పు ఒకటుంది. అదే తప్పు ఇంకొందరు టీచర్లు ఇప్పటికీ చేస్తూ ఉండొచ్చు కాబట్టి అందరికీ కనపడేలా రాస్తున్నాను.

నా క్లాసులో ఒక పాప ఉండేది. డిక్టేషన్ చెప్తే ‘పాట’ అన్నచోట ‘మాట’ అని రాసేది. ‘బాట’ అంటే ‘పాట’. ‘బడి’ అంటే ‘మడి’. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. అక్షరాలు గుర్తుపట్టలేదనుకుని వెనకబడిన పిల్లల గుంపులో వేశాను. పిలిస్తే ఒకసారి పలికేది, ఇంకోసారి పలికేది కాదు. పలకనప్పుడు పొగరనుకున్నాను. చివరి వరసలో కూర్చోబెట్టాను. ప్రోగ్రెస్ కార్డులో రెండేళ్లు వరసగా ‘శ్రద్ధ తక్కువ’ అని రాసింది నా చెయ్యే.

అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని గొంతు బయటికి రాకుండా పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, ఒకేలా తెరుచుకుంటాయి. ‘బ’కు గొంతు వణకడం, ‘మ’కు ముక్కులోంచి గాలి పోవడం, ఆ తేడాలన్నీ పెదవుల వెనక జరిగేవి. వాటిని చూసి పట్టుకోలేం, వినాల్సిందే. ఆ పిల్ల ఇన్నాళ్లూ నా పాఠం వింటున్నది తక్కువ, నా మూతి చూసి చదువుకుంటున్నది ఎక్కువ. నేను బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడినప్పుడల్లా పాఠం అక్కడితో తెగిపోయేది. పైన ఫ్యాను తిరిగితే మరీ కష్టం. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

తెలియడానికి కారణం ఒక గరిటె.

మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో పంచేంద్రియాలు చెప్తున్నాను. కళ్లు చూడ్డానికి, చెవులు వినడానికి అని చెప్పించి వదిలేస్తే పది నిమిషాల్లో అయిపోయే పాఠం. ఆ రోజు వంటామె రావడం ఆలస్యమై, పిల్లలను ఎలాగో కాసేపు ఆపాల్సి వచ్చింది. వంటగదిలో నుంచి స్టీలు గరిటె ఒకటి తెచ్చి, మూరెడు దారానికి నడిమధ్య కట్టాను. దారం రెండు కొసలూ రెండు చూపుడువేళ్లకు చుట్టుకుని, ఆ వేళ్లు చెవుల్లో పెట్టుకుని ముందుకు వంగి గరిటెను బెంచీకి తగిలించాలి. పక్కన నిలబడినవాళ్లకు ‘టిక్’ మంటుంది, అంతే. వేళ్లు చెవుల్లో పెట్టుకున్నవాళ్లకు మాత్రం పెద్ద గంట మోగినట్టు, మోగి మోగి సన్నగా సాగిపోయినట్టు వినిపిస్తుంది. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు.

ఈ పాప వంతు వచ్చింది. గరిటె తగిలింది. తలెత్తి నా వైపు చూసింది. “మేడం, గుడి గంట ఇనపడతాంది” అంది. మళ్లీ తగిలించింది. మళ్లీ. వెనకాల పిల్లలు గోల చేస్తున్నా ఇవ్వదు. అయిదారుసార్లయ్యాక చెవుల్లో నుంచి వేళ్లు తీసి, గరిటెను ఊరికే దారంతో వేలాడదీసి బెంచీకి కొట్టి, “ఇప్పుడు మోగలే” అంది. మిగతా పిల్లలకు ఆ ‘టిక్’ వినపడుతోంది. తనకు అదీ లేదు.

నేను వెనక్కి పోయి మెల్లగా పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు.

ఆ తర్వాత సంగతి క్లుప్తంగా చెప్తాను. చిన్నప్పటి నుంచి జలుబు చేసినప్పుడల్లా చెవుల్లో చీము కారేదట. ఇంట్లో వేడి చేసిన నూనె చుక్కలు పోసేవాళ్లు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే టీం మా బడికి వచ్చిన రోజు ఈ పాప అమ్మతో బుడ్డలు (వేరుశనగ) పెరకడానికి పోయింది. ఎవరినని అనేది? నేనైనా ఆ పేరు రాసిపెట్టుకుని తర్వాత చూపించలేదు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వాళ్లమ్మతోపాటు నేనూ కూర్చున్నాను. ఆయన శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఒకటి మోగించి, దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించారు. పాప తలూపింది. అదే చెవి ముందు గాల్లో పట్టుకున్నారు. వినపడలేదంది. లోపలి చెవి బాగానే ఉంది, దారిలో కర్ణభేరికి చిల్లు పడింది, అందుకే గాల్లోంచి వచ్చే శబ్దం సరిగ్గా చేరడం లేదు, ఎముకలోంచి పోతే చేరుతోంది అని చెప్పారు. బెంచీ దగ్గర ఆ పిల్ల తనంతట తాను చేసుకున్న పరీక్ష కూడా అదే.

అయ్యా, ఇది కథగా చెప్పి జాలి పుట్టించడం నా ఉద్దేశం కాదు. ధ్వని పాఠం హైస్కూల్లో వస్తుంది, తరంగాలు, పౌనఃపున్యం, సూత్రాలతో. అది రావాల్సిందే. కానీ చెవి చెడితే అంతదాకా ఆగదు. అక్షరాలు, పదాలు, గుణింతాలు చెవిలోకి వెళ్లేది ఆరు నుంచి పదేళ్ల లోపు. శబ్దాన్ని చేత్తో తాకి, నోటితో పుట్టించి తెలుసుకోవాల్సిన వయసూ అదే. ప్రాథమిక పాఠశాలలో ఈ పాఠాన్ని చేయించి చెప్తే, చెప్తూ చెప్తూనే ఏ పిల్లకు వినికిడి తక్కువో టీచరుకు తెలిసిపోతుంది. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగిన కారణాల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చెవిలో చీము కూడా ఆ కారణాల్లో ఒకటి.

సామాను గురించి భయపడకండి, కిట్లు అడగడం లేదు. కిట్లు వస్తే మా బీరువాలోకే పోతాయి, పోగొట్టుకుంటే రికవరీ అంటారని మేమే తాళం వేస్తాం. శబ్దానికి కావాల్సినవన్నీ మన ఊళ్లలోనే పడి ఉన్నాయి. అసలు మనవాళ్లు చెవితో బతికేవాళ్లు. బుడ్డలు ఎండాయో లేదో చూడాలంటే గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తారు. గలగలమంటే ఎండినట్టు. కుండ కొనేటప్పుడు వేలిమడతతో తట్టి, ఖణేల్‌మంటేనే డబ్బులిస్తారు, బొద్దుగా పలికితే ఎక్కడో పగులుందని పక్కన పెడతారు. బండలు పరిచే మేస్త్రీ సుత్తి కాడతో కొట్టుకుంటూ పోయి ఎక్కడ డొల్లగా ఉందో చెప్పేస్తాడు. ఇవన్నీ పిల్లలకు ముందే తెలుసు. పుస్తకంలో ‘కంపనం’ అన్న మాట రాగానే మాత్రం తెలియనివాళ్లయిపోతారు. గలగల, కణకణ, బొడబొడ, సర్రు, బుడుంగు అని ఒక్కో శబ్దానికి ఒక్కో మాట ఉన్న భాష మనది. నేను పాఠం ఆ మాటలతోనే మొదలుపెడతాను. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుని, వినపడినవన్నీ చెప్పమంటాను. దూరంగా బండలు కోసే మిషను, గేదె, పక్క క్లాసు ఎక్కాలు, మోటారు బండి. ఎవరు తక్కువ చెప్పారో నా పుస్తకంలో చిన్న చుక్క పెట్టుకుంటాను.

తర్వాత చెయ్యి గొంతు మీద పెట్టుకుని ‘మ్‌మ్‌మ్’ అనిపిస్తాను. వణుకుతుంది. ‘స్‌స్‌స్’ అంటే వణకదు. పిల్లలు ఇక్కడ ఎంతసేపైనా ఆడతారు, ఆడనివ్వాలి. ఆ మధ్యాహ్నమే ఒకడు వచ్చి, “గుసగుసలాడితే గొంతు వణకదు మేడం” అన్నాడు. ఆ విషయం నాకూ తెలియదు, ఇంటికి పోయి చేసి చూసుకున్నాను.

కర్ణభేరిని చూపించడానికి ఒక ఖాళీ డబ్బా, దాని మూతికి బిగుతుగా లాగి రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ కవరు, దాని మీద చిటికెడు కొర్రలు. దగ్గర్లో పళ్లెం మోగించినా, నోరు పెట్టి గట్టిగా అరిచినా కొర్రలు ఎగురుతాయి. మెల్లగా అంటే మెల్లగా, గట్టిగా అంటే ఎత్తుగా. ఊదడం వల్ల కదులుతున్నాయేమోనని అనుమానపడే పిల్లలు ఉంటారు, వాళ్లే మంచి పిల్లలు. వాళ్ల కోసం మధ్యలో ఒక పలక అడ్డం పెట్టి పళ్లెం కొట్టి చూపించాలి. చెవిలోనూ ఇలాంటి పొరే ఉందని, దాని వెనక సుత్తిలా ఒకటి, కమ్మరి దాగలిలా ఒకటి, గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే జీను అంకవన్నెలా ఒకటి మూడు బుల్లి ఎముకలున్నాయని చెప్తాను. ఆ మూడోది ఒంట్లోకెల్లా చిన్న ఎముక, పొడవు 3 మిల్లీమీటర్లు. ఒక కొర్ర గింజ చేతిలో పెట్టి, ఇంచుమించు దీనికంటే కొంచెం పెద్దది అంటే నోళ్లు తెరుస్తారు. ఆ ఎముకలు తోస్తే లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో నీరు కదులుతుంది. ఆ నీటిలో సన్నని రోమాలున్న కణాలు ఉంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. అవి ఊగితేనే మెదడుకు కబురు. పైరు మీద ఒకసారి మనిషి నడిచిపోతే మళ్లీ లేస్తుంది, ట్రాక్టరు ఎక్కితే లేవదు కదా అంటే మా పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఆ కణాలు చస్తే మళ్లీ మొలవవు. చెవి దగ్గర టపాకాయ పేల్చడం, డీజే బాక్సుల ముందు నిలబడి ఎగరడం గురించి నేను విడిగా నీతులు చెప్పను. ఈ పైరు మాట చెప్పి ఊరుకుంటాను.

ఇక పలక. రాసే పలక కాదు, వాయించే పలక. మా ఊళ్లో ఒక పిల్లవాడి నాన్న పలక వాయిస్తాడు, పెళ్లిళ్లకు, పీర్ల పండుగకు. ఆయన్ను బడికి రమ్మంటే రెండుసార్లు వస్తానని రాలేదు. మూడోసారి వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రానంటాడు. కారణం మీకు తెలుసు, నాకూ తెలుసు. క్లాసునే బయటికి తెచ్చి వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. గడ్డి అంటించి పలకను మంట మీద కాచాడు. కాచకముందు ‘బొద్ బొద్’ మన్నది, కాచాక ‘ఖంగు’మంది. తోలులోని తేమ పోయి బిగుసుకుంటే కంపనాలు వేగంగా వస్తాయి, వేగం పెరిగితే కీచుదనం పెరుగుతుంది. గట్టిగా కొడితే పెద్దగా వినిపిస్తుంది గానీ కీచుదనం దాదాపు మారదు. ‘పెద్ద శబ్దం’, ‘సన్న శబ్దం’ వేరువేరని హైస్కూలు పిల్లలు కూడా తికమకపడే విషయం పావుగంటలో తేలిపోయింది. తండ్రి వాయిస్తుంటే ఆ పిల్లవాడు ఎలా కూర్చున్నాడో నేను రాయలేను. అనంతపురం జిల్లాలో ఉరుము వాయించేవాళ్లు ఉన్న ఊళ్లయితే ఇంకా మంచిది. కొట్టకుండా, వంపు కర్రతో తోలు మీద రాస్తేనే ఉరిమినట్టు వచ్చే వాద్యం అది, రాపిడితో కూడా శబ్దం పుడుతుందనడానికి దాన్ని మించిన పాఠం లేదు.

సర్ సి.వి. రామన్ 1920లో, మళ్లీ 1934లో మృదంగం, తబలాల మీద పరిశోధన వ్యాసాలు రాశారని మా టీచర్లలో ఎంతమందికి తెలుసో. మామూలు డోలు తోలు స్వరం పలకదు, శబ్దం మాత్రం చేస్తుంది. మృదంగం నడుమ పూసే ఆ నల్లని కరణి వల్లే తోలు కంపనాలు ఒకదానితో ఒకటి పొందిక కుదిరి స్వరం పలుకుతుందని ఆయన చూపించారు. మన చేతివృత్తులవాళ్లు చెవితో కనిపెట్టినదానికి ఆయన లెక్క కట్టారు. బొమ్మల చార్టు మీద రామన్ గారి తలపాగా ఒక్కటే చూపిస్తున్నాం.

ఘన పదార్థంలోంచి శబ్దం బాగా పోతుందని చెప్పడానికి రైలు పట్టా మీద చెవి పెట్టిన కథలు చెప్పకండి. గుంతకల్లు లైను పక్కన ఊళ్లున్న జిల్లా మనది, చేసి చూస్తారు. బడిలో పొడవాటి బెంచీ చాలు. ఒక కొసన గుండుసూదితో గీకితే రెండో కొసన చెవి ఆనించిన పిల్లకు గరగరా వినిపిస్తుంది. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరుకు సరిగ్గా ఈ సంగతే గుర్తొచ్చి, కాగితాలను చుట్టగా చుట్టి రోగి గుండె మీద ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా మొదలైంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది 20 డిగ్రీల చల్లని గాలికి. మన మే నెల 40 డిగ్రీల గాలిలో 355 దాకా ఉంటుంది. వాన పడేటప్పుడు మెరుపు చూసి ఉరుము దాకా లెక్కపెట్టి, మూడు అంకెలకు ఒక కిలోమీటరు అని దూరం కట్టడం పిల్లలకు బాగా ఇష్టం. మన జిల్లాలో ఆ పాఠానికి ఎన్ని రోజులు ఎదురుచూడాలన్నది వేరే సంగతి.

మీరు ఒక ట్రిప్పుకు అనుమతిస్తే బెలూం గుహలకు తీసుకుపోతాం. తాడిపత్రి నుంచి దగ్గరే. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా పిల్లలకు అది పక్క ఊరే. అక్కడ సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లు తడితే మోగుతాయి. ఒక్కో రాయి మందం వేరు, పొడవు వేరు, పలుకూ వేరు. అందరూ తడితే రాళ్లు పాడవుతాయి కాబట్టి గైడు తడితే వినమని చెప్పే పూచీ మాది.

ఇంకో విషయం, ఇది కొంచెం మీ ఇంజనీర్లకు కూడా. కొత్త గదులు బాగున్నాయి. నేల మీద టైల్స్, పైన స్లాబు, నున్నటి గోడలు. కానీ మాట ఆ గోడలకు కొట్టుకుని గదిలోనే తిరుగుతుంది. చప్పట్లు కొట్టి చూడండి, చప్పుడు వెంటనే చావదు. అమెరికాలో తరగతి గదులకు పెట్టుకున్న ప్రమాణంలో ఆ మోగుడు 0.6 సెకనుకు మించకూడదు. మా గదిలో కొలిచే సాధనం నా దగ్గర లేదు, నా చెవి చాలు. వెనక గోడకు నాలుగు పాత బొంతలు వేలాడదీశాను. తనిఖీకి వచ్చిన ఒకాయన ‘ఇదేంటమ్మా, బట్టలారేశావా’ అన్నారు. తరగతి గదిలో ఇప్పుడు నేను అరవాల్సిన పని తగ్గింది.

నేను అడిగేది ఇంతే. మొదటి కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక గంట ఇవ్వండి. పవర్‌పాయింట్ వద్దు. టీచర్లందరి చేతా గరిటె, దారం పట్టించండి. జూన్ నెలలో ప్రతి టీచరూ తన క్లాసులో ఒక్కో పిల్లకు గుసగుస పరీక్ష చేయాలి. పిల్ల వెనక చేయి చాపేంత దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, రెండో చెవికి మెల్లగా మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పించడం. తర్వాత ఇంకో చెవి. ఒక్కరికి రెండు నిమిషాలు. వెనక నిలబడడం ముఖ్యం, ఎదురుగా ఉంటే మూతి చూసి చెప్పేస్తారు. తడబడిన పిల్లల పేర్లు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత సెంటరుకు, పిల్లల ఆరోగ్య పరీక్షల టీంకు అందాలి. ఆ రోజు బడికి రాని పిల్లల పేర్లు విడిగా రాసి, వాళ్లను మళ్లీ చూసేదాకా ఆ కాగితం కొట్టేయకూడదు. చెవిలో నూనె పోయొద్దు, పుల్ల పెట్టొద్దు, చీము కారితే డాక్టరు దగ్గరికి అన్న మూడు మాటలు తల్లుల మీటింగ్‌లో చెప్పించండి. బడి చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. ఆ బోర్డు గేటు దగ్గర పెట్టించే ఆర్డరు మీ నుంచి వస్తే, పరీక్షల్లో మైకు పెట్టిన పెద్దమనుషులతో మేం కాస్త ధైర్యంగా మాట్లాడగలం.

ఒక దండం పెట్టి అడుగుతున్నాను, దీన్ని ఇంకో యాప్ మాత్రం చేయకండి. గరిటెతో ఫోటో, గుసగుసలాడుతూ ఫోటో, సాయంత్రం అయిదులోపు అప్‌లోడ్ అంటే మేం ఫోటోలే తీస్తాం.

ఆ పాపకు రెండేళ్ల మందులయ్యాక ఒక చెవికి ఆపరేషన్ జరిగింది. కుడి చెవి బాగా వినపడుతోంది, ఎడమది ఇంకా తక్కువే. ఈ జూన్‌లో ఆరో తరగతికి హైస్కూలుకు పోతోంది. అక్కడి హెడ్‌మాస్టరు గారికి నేను చీటీ రాసి వాళ్లమ్మ చేతికిచ్చాను. మొదటి వరసలో ఎడమ పక్కన గోడ దగ్గర కూర్చోబెట్టమని, అప్పుడు కుడి చెవి క్లాసు వైపు ఉంటుందని, బోర్డు మీద రాస్తూ మాట్లాడవద్దని. టీసీతో పాటు పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా పోతాయి. వాటిలో నేను రాసిన ‘శ్రద్ధ తక్కువ’ను కొట్టేసి, పక్కన ‘వినికిడి తక్కువ, టీచరు గమనించలేదు’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. రికార్డులో కొట్టివేతలు ఉండకూడదని నిబంధన ఉంటే, మెమో నా పేరు మీదే పంపండి.

ఇట్లు,
తాడిపత్రి దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని